కొవ్వు పంపే కబురు

(అనంతపురంలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా ఏర్పాటైందో ఆ డాక్టరుగారికి తనను ఎవరైనా పొగిడితే ఒళ్ళుమంట. కాబట్టి ఆయన గురించి ఒక్క మాట చెప్పి విషయంలోకి వెళ్తాను. పల్లెల నుంచి వచ్చిన రోగి చేతికి బీపీ పట్టీ చుడుతూ ఆయన రెండు ప్రశ్నలు అడిగేవారు: పోయిన ఏడు పంట ఏమైంది, ఈ ఏడు ఏం తింటున్నారు అని. పక్కన నిలబడ్డ మాబోటివాళ్ళకు అది పలకరింపులా వినపడేది. ఒళ్ళు పెరిగితే బీపీ పెరుగుతుందని అప్పటికే పుస్తకాల్లో ఉంది. ఎలా పెరుగుతుందన్నది మాత్రం లేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుకూ, నరాలకూ, నెత్తుటి ఒత్తిడికీ మధ్య నడిచే దారి ఒకటుందని తేలడం గత ముప్పై ఏళ్ళ ముచ్చట. ఇవాళ ఆ దారి గురించే మాట్లాడతాను.

లావుపాటి మనిషికి బీపీ ఎందుకు వస్తుందని అడిగితే మనందరి దగ్గరా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఒళ్ళు పెద్దదైంది, దానికి నెత్తురు ఎక్కువ కావాలి, గుండె గట్టిగా కొట్టాలి, అందుకని ఒత్తిడి పెరుగుతుంది. ఇందులో కొంత నిజముంది. కాని ఈ జవాబును ఒక చిట్టెలుక పడగొట్టింది.

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ అనే సముద్రతీరపు ఊళ్ళో జాక్సన్ లేబొరేటరీ ఉంది. 1949లో అక్కడి చిట్టెలుకల మందలో ఒకటి ఆగకుండా తింటూ, కదలకుండా కూర్చుని, తోటివాటికి రెండుమూడింతలు బరువెక్కింది. ఆ గుణం వంశపారంపర్యమని తేలింది. మన జవాబే నిజమైతే ఈ జాతి చిట్టెలుకకు బీపీ ఆకాశాన్నంటాలి. అయోవా విశ్వవిద్యాలయంలో ఆలిన్ మార్క్ బృందం 1999లో కొలిచి చూసిన ఫలితం ఇందుకు తలకిందులుగా వచ్చింది. అంత కొవ్వు మోస్తున్నా దాని ఒత్తిడి బక్కపలచని తోబుట్టువుల కన్నా తక్కువే. అదే పరీక్షలో అగూటి అనే పసుపుపచ్చ బొచ్చు జాతిని కూడా చూశారు. అది అంత లావు కాదు, కాని దానికి బీపీ ఎక్కువ. మొదటి జాతి కొవ్వుకు లెప్టిన్ అనే హార్మోనును తయారుచేయడం చేతకాదు. రెండోదాని నెత్తుట్లో లెప్టిన్ దండిగా ఉంది. ఒత్తిడిని పెంచింది కొవ్వు బరువు కాదు, కొవ్వు పంపుతున్న కబురు అన్నమాట.

ఆ కబురు ఉందని అందరికన్నా ముందు పసిగట్టినవాడు డగ్లస్ కోల్‌మన్. జాక్సన్ లేబొరేటరీలోనే 1966లో మరో లావు జాతి దొరికింది. కోల్‌మన్ రెండేసి చిట్టెలుకలకు పక్కల చర్మాన్ని కలిపి కుట్టి, ఒకదాని నెత్తురు రెండోదానిలోకి పారేటట్టు చేశాడు. కొత్త లావు జాతిని మామూలుదానితో కలిపితే మామూలుది తిండి మానేసి ఆకలితో చచ్చిపోయింది. పాత లావు జాతితో కలిపినా అంతే, అప్పటిదాకా తిండిపోతు అయినది ముద్ద ముట్టలేదు. పాతదాన్ని మామూలుదానితో కలిపితే మాత్రం కొంచెం తిండి తగ్గించి బతికింది. కోల్‌మన్ దీన్నుంచి చక్కటి లెక్క కట్టాడు: నెత్తుట్లో తిరిగే పదార్థం ఒకటుంది, పాత జాతి దాన్ని తయారుచేయలేదు, కొత్త జాతి కావలసినంత తయారుచేస్తుంది గాని దాని మాట వినలేదు. చాలామంది నమ్మలేదు. లావు అనేది మనసులో బలహీనత అనుకునే కాలమది. ఇరవై ఏళ్ళు దాటాక, 1994 డిసెంబరులో, న్యూయార్క్ రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ పదార్థపు జన్యువును పట్టుకుంది. అదే లెప్టిన్. 2010లో ఇద్దరికీ కలిపి లాస్కర్ బహుమతి ఇచ్చారు.

లెప్టిన్ సంగతి బయటపడగానే పత్రికలు సన్నబడే మందు దొరికేసిందని రాశాయి. ఒక కంపెనీ హక్కుల కోసం 2 కోట్ల డాలర్లు కట్టింది. 1999లో మనుషుల మీద ప్రయోగం ఫలితాలు వచ్చేసరికి ఆ ఉత్సాహం చల్లారింది. ఎందుకంటే లావుగా ఉన్నవాళ్ళలో చాలామందికి లెప్టిన్ లోటు లేదు, వాళ్ళ దగ్గర అది ఎక్కువగానే ఉంది. ఉన్నదాన్నే మెదడులో ఆకలిని చూసుకునే చోటు లెక్కచేయడం లేదు. ఇంకా పోస్తే ఏం ప్రయోజనం?

నన్నడిగితే అసలు పొరపాటు లెప్టిన్ తిండి మాన్పించడానికి పుట్టిందనుకోవడంలో ఉంది. మనిషి చరిత్రలో ఎక్కువ కాలం బెడద తిండి ఎక్కువవడం కాదు, లేకపోవడం. 1996లో బోస్టన్‌లో అహీమా, ఫ్లయర్ బృందం పస్తు పెట్టిన చిట్టెలుకలకు లెప్టిన్ ఎక్కించి చూసింది. పస్తులో థైరాయిడ్ పని మందగించడం, ఎదకు రావడం ఆగిపోవడం, స్ట్రెస్ హార్మోన్లు పెరగడం మామూలు. లెప్టిన్ ఇస్తే ఆ మార్పులు చాలావరకు రాలేదు. తిండి మాత్రం లేదు, అయినా ఒళ్ళు కరువును గుర్తించలేదు. అంటే ఒంటికి కరువొచ్చిందని చెప్పేది ఖాళీ కడుపు ఒక్కటే కాదు, నెత్తుట్లో లెప్టిన్ పడిపోవడం కూడా. పస్తు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే, కొవ్వు ఇంకా పెద్దగా కరగకముందే, అది బాగా పడిపోతుంది. అప్పుడు మెదడు ఖర్చులు తగ్గించేస్తుంది. ఆ ఖర్చుల పద్దులో నాడుల చురుకుదనం ఒకటి, గుండె వేగం ఒకటి, నెత్తుటి ఒత్తిడి ఒకటి.

ఇది మన నేలకు పరాయి విషయం కాదు. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువు నాటికి అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలోనే ఉంది, వేరే జిల్లా అయింది 1882లో. మద్రాసు రాజధానిలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్న ప్రాంతాల్లో ఇదొకటి. 1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనుల్లో రాళ్ళు మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా చాలునని తేల్చాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనరు విలియం కార్నిష్ ఇది మనిషి బతికే తిండి కాదని ఎదురు రాశాడు. ఇద్దరి మధ్య కాగితాల మీద పెద్ద వాదమే నడిచింది. ఆ రాళ్ళు మోసినవాళ్ళ నాడి ఎలా కొట్టుకుందో, ఒత్తిడి ఎంతుందో మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. బీపీ పట్టీ పుట్టడానికే ఇంకా ఇరవై ఏళ్ళుంది.

ఆ లెక్క మనకు మరో చోట దొరుకుతుంది. 1944-45లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శరీరశాస్త్రవేత్త, యుద్ధానికి వెళ్ళబోమన్న 36 మంది యువకులను వాళ్ళ ఇష్టంతోనే 24 వారాలు అర్ధాకలిలో ఉంచాడు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 55 సార్లు కొట్టుకునే వాళ్ళ గుండె 35కు దిగింది. ఒత్తిడి తగ్గింది. ఎండాకాలంలో కూడా చలి అన్నారు. తిండి గురించి తప్ప వేరే మాట రాలేదు. లెప్టిన్ పేరు పుట్టడానికి యాభై ఏళ్ళ ముందు అది చేసే పనిని ఇంత వివరంగా ఎవరూ రాసిపెట్టలేదు. ఇక రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌ను జర్మన్ సేనలు ముట్టడించినప్పుడు దీని రెండో సగం కనపడుతుంది. ఆకలి ఉద్ధృతంగా ఉన్న 1941-42 శీతాకాలంలో అక్కడ ఒత్తిళ్ళు పడిపోయాయి. తిండి మళ్ళీ దొరకడం మొదలయ్యాక ఆసుపత్రుల్లో రక్తపోటు రోగులు పెరిగారని అక్కడి వైద్యులు రాశారు. యుద్ధపు బెదురు, ఉప్పు, చలి, అన్నీ కలిసి ఉంటాయి. లెప్టిన్ ఒక్కదాని మీదే నెట్టేయను. కాని కరువు వెనకే వచ్చే తిండిని నెత్తురు ఊరకే తీసుకోదని మాత్రం తెలుస్తోంది.

ఇప్పుడు దారి చూద్దాం. ఇక్కడున్న వైద్యవిద్యార్థులకు ఇది తెలిసినదే, మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

కొవ్వు కణాలు లెప్టిన్‌ను నెత్తుట్లోకి వదులుతాయి. కొవ్వు ఎంత ఉంటే సుమారుగా అంత. అది మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగానికి చేరుతుంది. అక్కడ రెండు జట్ల నాడీకణాలున్నాయి. ఒక జట్టు ఆకలి పెంచుతుంది, రెండోది తగ్గిస్తుంది. లెప్టిన్ మొదటిదాని నోరు మూయించి రెండోదాన్ని లేపుతుంది. లేచిన కణాలు మెలనోకార్టిన్ అనే రసాయనంతో పక్కవాటిని తడతాయి. ఆ తట్టును అందుకునే గ్రాహకానికి నాలుగో మెలనోకార్టిన్ గ్రాహకం అని పేరు. ఇక్కడినుంచి దారి చీలుతుంది. ఒక పాయ ఆకలి వైపు పోతుంది. మరో పాయ మెదడు కాండం మీదుగా వెన్నుపాములోకి దిగి, సింపథెటిక్ నాడులను చేరుతుంది. భయపడినప్పుడు గుండె దడదడలాడించేవి, పరుగెత్తినప్పుడు నెత్తుటి గొట్టాలను బిగించేవి ఈ నాడులే. అవి గుండెకు పోతాయి, గొట్టాల గోడలకు పోతాయి, అన్నిటికన్నా ముఖ్యంగా మూత్రపిండాలకు పోతాయి.

మూత్రపిండాల దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే దీర్ఘకాలపు బీపీ స్థిరపడేది అక్కడే. ఆ నాడులు చురుకైతే మూత్రపిండం మూడు పనులు చేస్తుంది. నెత్తుటి గొట్టాలను బిగించుకుంటుంది, రెనిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, బయటకు పోవలసిన ఉప్పును వెనక్కి లాక్కుంటుంది. రెనిన్ వల్ల యాంజియోటెన్సిన్, దానివల్ల ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్లు పెరుగుతాయి, ఆల్డోస్టెరాన్ కూడా ఉప్పునే పట్టిపెడుతుంది. ఉప్పు వెంట నీరు. మామూలుగా ఒత్తిడి పెరిగితే మూత్రపిండం ఉప్పును వదిలేసి సరిచేయాలి. నాడుల గోల వల్ల ఆ సరిచేసే గీత పైకి జరిగిపోతుంది. ఊరుబిండిలో ఉప్పు మోతాదు మారకపోయినా ఈ మనిషికి ఇప్పుడు అదే ఉప్పు ఎక్కువ.

ఇవన్నీ ఊహలు కావు. అయోవాలోనే విలియం హేన్స్, మార్క్ బృందం 1997లో ఎలుకలకు లెప్టిన్ ఎక్కించి, మూత్రపిండాలకు వెళ్ళే నాడి చురుకు పెరగడాన్ని నేరుగా నమోదు చేసింది. మిసిసిపీలో జాన్ హాల్ బృందం 1998లో రోజుల తరబడి సన్నగా ఎక్కిస్తూ పోతే ఎలుకలు తిండి తగ్గించాయి, అయినా వాటి బీపీ మెల్లమెల్లగా పైకి పాకింది. తరవాత నాడుల ప్రభావాన్ని మందులతో ఆపేస్తే ఆ పెరుగుదల రాలేదు. మనుషుల సంగతికొస్తే నాకు ఇష్టమైన పని ఒకటుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలకు చెందిన మారియో వాజ్, మెల్‌బోర్న్‌లో మర్రే ఎస్లర్ దగ్గర పనిచేసినప్పుడు, లావుగా ఉన్నా ఇంకా బీపీ రాని మనుషుల మూత్రపిండాల నుంచి, సింపథెటిక్ నాడులు వదిలే నారడ్రినలిన్ ఎంత ఒలుకుతోందో కొలిచారు. 1997లో అచ్చయింది. సన్నగా ఉన్నవాళ్ళ కన్నా రెండింతల మేర ఎక్కువ. గుండె నాడులు మాత్రం అంత చురుగ్గా లేవు. అంటే ఒళ్ళంతా ఒకేలా రెచ్చిపోవడం లేదు. ముందు మూత్రపిండం మీద భారం పడుతోంది, బీపీ మిషనులో అంకె మారేది ఆ తరవాత.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఎవరైనా లేచి అడగాలి. లావు మనిషి మెదడు లెప్టిన్ మాట వినడం లేదని మీరే అన్నారు కదా, వినని చెవికి మూత్రపిండాల కబురు మాత్రం ఎలా వినపడింది అని. మంచి ప్రశ్న. జవాబు ఆలిన్ మార్క్, కమల్ రహ్‌మూనీల దగ్గర దొరుకుతుంది. చెవుడు అన్ని చోట్లా ఒకేలా రాలేదు. ఊళ్ళో దండోరా వేస్తున్నారనుకోండి. ఆకలి వీధివాళ్ళకు చెవులు పోయాయి, నాడుల వీధివాళ్ళకు బాగానే వినపడుతోంది. మొదటి వీధి కదలడం లేదని కొవ్వు పెరిగేకొద్దీ దండోరా ఇంకా గట్టిగా మోగుతుంది. రెండో వీధి అదిరిపోతుంది. 2014లో ఆస్ట్రేలియాలో మొనాష్ విశ్వవిద్యాలయపు మైకేల్ కవ్లీ బృందం హైపోథాలమస్‌లో ఆ రెండో వీధి అచ్చంగా ఎక్కడుందో చూపించింది. బలిసిన చిట్టెలుకల్లో ఆ ఒక్కచోట లెప్టిన్ గ్రాహకాల నోరు నొక్కితే, బరువు తగ్గకుండానే ఒత్తిడి దిగింది.

మనుషుల్లో దీనికి ప్రకృతే కొన్ని పరీక్షలు పెట్టింది. టర్కీలో ఒక కుటుంబంలో పుట్టుకతోనే లెప్టిన్ లేనివాళ్ళున్నారు. విపరీతమైన లావు, కాని సింపథెటిక్ నాడులు మందకొడి, లేచి నిలబడితే ఒత్తిడి పడిపోయే తీరు. నాలుగో మెలనోకార్టిన్ గ్రాహకం చెడి చిన్నప్పటినుంచీ లావైనవాళ్ళను కేంబ్రిడ్జ్‌లో సదాఫ్ ఫరూఖీ బృందం చూసింది. అంత లావుకు ఉండాల్సిన బీపీ వాళ్ళలో లేదు. 2009లో అచ్చయిన అదే వ్యాసంలో ఇంకో సంగతి ఉంది. ఆ గ్రాహకాన్ని తట్టి బరువు తగ్గిద్దామని తయారుచేసిన ఒక మందును లావైన మనుషులకు ఇస్తే బీపీ పెరిగింది. ఆకలి తాళంచెవీ బీపీ తాళంచెవీ ఒకే గుత్తిలో ఉన్నాయని ఇంతకన్నా తేటగా ఎవరూ చూపించలేదు.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. మనుషులకు కొద్దిసేపు లెప్టిన్ ఎక్కించి నాడుల చురుకు చూసిన ప్రయోగాలు ఒక మాట మీద లేవు. ఒకరికి పెరిగింది, ఒకరికి పెరగలేదు. 1999 నాటి ప్రయోగంలో నెలల తరబడి సూదులు వేసుకున్నవాళ్ళకు బీపీ ఎగబాకిందన్న గొడవా లేదు. లెప్టిన్ నెత్తుటి గొట్టాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను కూడా విడుదల చేయిస్తుంది, అది వ్యతిరేక దిశ. చిట్టెలుకను చూసి మనిషికి మందు రాయకూడదన్నది ఎంత పాత మాటైనా చెప్పుకోవాల్సిందే. నా అంచనా ఇది: లావు మనిషి బీపీలో లెప్టిన్ ఒక్కటే దోషి కాదు, కాని పెద్ద దోషుల్లో ఒకటి. మూత్రపిండాన్ని కొవ్వు చుట్టూరా నొక్కడం, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, ఇన్సులిన్ పెరగడం, ఇవన్నీ దానికి తోడు.

తెలుగు నేల మీద ఈ కథకు ఒక ఇల్లుంది, అది హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన చిన్న విచారణ పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరింది. వెంట 1920 నుంచి పెంచుతున్న విస్టార్ ఎలుకల మంద కూడా వచ్చింది. తిండి లేమి మీద పరిశోధించడానికి పెంచిన ఎలుకలవి. తరాలు గడిచాక ఆ మందలోనే తనంతట తాను లావెక్కే ఎలుక ఒకటి పుట్టింది. ఎన్.వి. గిరిధరన్, తోటివాళ్ళూ 1996లో దాని గురించి రాశారు. తోటి ఎలుకలు పావుకిలో నుంచి అరకిలో మధ్య ఉంటే ఇది కిలో దాటుతుంది. దాని నెత్తుట్లో లెప్టిన్ ఎక్కువ, ఇన్సులిన్ ఎక్కువ, సంతానం కలగదు. మార్పు ఉన్న చోటు 5వ క్రోమోజోము మీద, లెప్టిన్ గ్రాహకపు జన్యువుకు దగ్గర్లో ఉందని తరవాత గుర్తించారు. ఆకలిని చదవడానికి కట్టిన ఇంట్లో లావు ఎలుక పుట్టడం చూస్తే, దేశం చరిత్రను ఎవరో కుదించి బోనులో పెట్టినట్టనిపిస్తుంది నాకు.

ఎందుకంటే మన పీఠభూమి కథ కూడా అదే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే నేల మనది. 1950ల మొదట్లో ఇక్కడ గంజి కేంద్రాల ముందు గిన్నెలు పట్టుకుని నిలబడిన తరం వాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్ళ మనవళ్ళు బెంగళూరులో అపార్టుమెంట్ల గేటు దగ్గర రాత్రి డ్యూటీ కూర్చుంటున్నారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక సంగటి, కొర్రన్నం రోజువారీ తిండి నుంచి జరిగాయి. బియ్యాన్ని తిట్టడం ఈమధ్య ఫ్యాషనైంది. నేను తిట్టను. ఆకలి తీర్చిన బియ్యం అది. మారింది తిండి ఒక్కటే కాదు, దాని పక్కన ఉండే పనీ మారింది. గుంటక తోలే చెయ్యి ట్రాక్టరు స్టీరింగు పట్టింది, నీళ్ళబిందె కొళాయి దగ్గరకొచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో అధిక బరువున్నవాళ్ళు నూటికి 36 మంది, మరీ బక్కగా ఉన్నవాళ్ళు ఇంకా నూటికి 15 మంది దాకా. బీపీ ఎక్కువున్నవాళ్ళు, మాత్రలు వాడుతున్నవాళ్ళు కలిపి ఆడవాళ్ళలో నూటికి 25, మగవాళ్ళలో 29.

మీలో చాలామందికి ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. మన దగ్గర బీపీతో వచ్చేవాళ్ళలో లావుపాటి వాళ్ళే కాదు, బక్కపలచని వాళ్ళూ ఉన్నారు కదా అని. ఉన్నారు. అందుకే పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ పనిని ఈ గదిలో ప్రతి ఒక్కరూ చదవాలి. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండు తెల్లవాళ్ళ పిల్లలతో పోల్చి చూశాడాయన. మన పిల్లలు బరువులో బాగా తక్కువ, కండ తక్కువ, కొవ్వు మాత్రం దాదాపు అంతే. బొడ్డుతాడు నెత్తుట్లో లెప్టిన్ కూడా బరువుతో పాటు తగ్గలేదు. 2004లో లాన్సెట్‌లో యాజ్ఞిక్, లండన్ మిత్రుడు జాన్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫొటో అచ్చువేశారు. ఇద్దరిదీ ఎత్తుకు తగ్గ బరువు కొలత (బీఎంఐ) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకపు రాయికి ఇద్దరూ ఒకటే. కొవ్వు పంపే కబురుకు ఒకటి కాదు.

మన బీపీకి కరువుల్లో బతికి బట్టకట్టిన జన్యువులే కారణమని అనేవాళ్ళున్నారు. వినడానికి బాగుంటుంది. జేమ్స్ నీల్ 1962లో ఇలాంటి ఊహే చేశాడు. కాని నాలుగైదు కరువులు జన్యువులను అంత తొందరగా మార్చలేవు, ఆ వాదానికి గట్టి రుజువు కూడా దొరకలేదు. నాకు మరింత నమ్మకంగా కనపడేది గర్భంలో, పుట్టిన కొత్తలో జరిగే పని. 2004లో సెబాస్టియన్ బూరే, రిచర్డ్ సిమర్లీ బృందం చిట్టెలుక పిల్లల్లో చూపించిన సంగతి అది: పుట్టిన మొదటి వారాల్లో పెరిగే లెప్టిన్, హైపోథాలమస్‌లో నాడీతంతువులు ఎటు అల్లుకోవాలో నిర్ణయిస్తుంది. ఆ సమయంలో లెప్టిన్ లేకపోతే అల్లిక పలచనవుతుంది. తరవాత ఇచ్చినా మునుపటిలా కుదరదు. తల్లి ఆకలి బిడ్డ నాడుల మీద రాసే రాత ఇలాంటిదేమో. మనుషుల్లో ఇంకా రుజువు కావాలి.

రుజువు కావాలంటే ఏళ్ళ తరబడి ఓపిక పట్టాలి. తెలుగు నేల మీద అలాంటి పని ఒకటి జరిగింది. 1987 నుంచి 1990 దాకా పోషకాహార సంస్థవాళ్ళు హైదరాబాదు దగ్గరి 29 ఊళ్ళలో, కొన్నింట గర్భిణులకూ పసిపిల్లలకూ అంగన్‌వాడీ అదనపు తిండి అందుతుండగా, మిగతావాటిలో ఇంకా అందకముందు, లెక్కలు రాసుకున్నారు. 2003-05లో ఆ పిల్లలను వెతికి పట్టుకుని పరిశోధకుడు సంజయ్ కిన్రా బృందంతో కలిసి మళ్ళీ కొలిచారు. తిండి అందిన ఊళ్ళ పిల్లలు ఒకటిన్నర సెంటీమీటరు దాకా పొడుగు, ఇన్సులిన్ మాట బాగా వింటున్నారు, ధమనులు కాస్త మెత్తగా ఉన్నాయి. బీపీలో మాత్రం తేడా తేలలేదు. ఆ వయసుకు తేలకపోవడం వింత కాదు. గర్భిణికి పెట్టే గుడ్డునూ పప్పునూ దండగ ఖర్చంటూ మాట్లాడేవాళ్ళకు ఆ వ్యాసం చూపించండి.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. ఒకే బరువున్న మగవాడి కన్నా ఆడమనిషి నెత్తుట్లో లెప్టిన్ రెండుమూడింతలు ఎక్కువ. ఎరిక్ బెలాఁ ద శాంత్‌మేల్ బృందం 2015లో ఇంకో దారి కనిపెట్టింది. మూత్రపిండం పైన టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథిని లెప్టిన్ నేరుగా, నాడుల జోక్యం లేకుండానే తట్టి ఆల్డోస్టెరాన్ చేయిస్తుంది. ఆడ చిట్టెలుకల్లో బీపీకి ఈ దారే ముఖ్యంగా కనపడింది. మనుషుల్లో నిలిస్తే, నడుము పెరిగిన నడివయసు స్త్రీకి ఏ మాత్ర ముందు రాయాలన్న ఆలోచనే మారవచ్చు. ఆల్డోస్టెరాన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ మన మందుల షాపుల్లో చవగ్గానే దొరుకుతుంది. కాని దాంతో పొటాషియం పెరిగే ప్రమాదముంది, నెత్తుటి పరీక్ష లేకుండా రాసేది కాదు.

మూత్రపిండానికి వెళ్ళే నాడులను గొట్టం లోపలినుంచి కాల్చేసే పద్ధతి కూడా ఇవాళ ఉంది. 2014లో పెద్ద పరీక్షలో అది ఓడిపోయింది. పద్ధతి మెరుగుపరిచి మళ్ళీ పరీక్షించాక 2023 నవంబరులో అమెరికాలో అనుమతి దొరికింది. దాని ఖర్చు మన రోగులకు అందేది కాదు, దిగే ఒత్తిడీ కొంతే. నేను దాని గురించి చెప్పడం ఒకందుకే: నాడులే కారణమన్న మాట పుస్తకంలో నుంచి ఆపరేషన్ బల్ల దాకా వచ్చిందని.

ఇక బరువు తగ్గడం. ఒక కిలో తగ్గితే పై బీపీ సుమారు ఒక పాయింటు తగ్గుతుందని చాలా పరీక్షలు కలిపి చూసిన లెక్క. నాలుగైదు కిలోలు తగ్గితే ఒక చిన్న మాత్రకు దగ్గరి పని. కాని న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మైకేల్ రోజెన్‌బామ్, రూడాల్ఫ్ లైబెల్ చూపించింది గుర్తుపెట్టుకోవాలి. బరువులో పదోవంతు తగ్గిన మనుషుల్లో లెప్టిన్ పడిపోతుంది, థైరాయిడ్ నెమ్మదిస్తుంది, సింపథెటిక్ నాడులు చల్లబడతాయి, ఆకలి లేస్తుంది. కొద్దిపాటి లెప్టిన్ వెనక్కి ఇస్తే ఇవి చాలావరకు మళ్ళీ పూర్వస్థితికి వచ్చాయి. అంటే బీపీని దించే కబురూ, ఆకలిని లేపే కబురూ ఒకటే. బరువు తగ్గమని మనం చీటీ రాసిన రోజున ఆ ఒంటికి కరువు కబురు పంపుతున్నాం. ఈ పీఠభూమి మనిషికి ఆ కబురు బాగా ఎరుక. రెండో నెలలో మళ్ళీ బరువెక్కి వచ్చినవాణ్ణి నోరు కట్టుకోలేదని కసిరే ముందు డాక్టర్లు ఇది తలచుకోవాలి.

పల్లెలకు తిరిగే నూట నాలుగు వైద్యబండి దగ్గర డ్యూటీ చేయబోయే విద్యార్థులు చేయగలిగినవి చెప్పి ముగిస్తాను. తూకంతో పాటు నడుము టేపు పెట్టండి, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే రాసుకోండి. మనిషి బక్కగా ఉన్నాడని బీపీ చూడకుండా పంపకండి. బరువు తగ్గుతున్నవాళ్ళ మాత్రను వాళ్ళంతట వాళ్ళు ఆపకుండా చూడండి, ఒత్తిడి బాగా దిగితే మీరే తగ్గించండి, లేకపోతే లేచి నిలబడినప్పుడు కళ్ళు తిరుగుతాయి. ఆకలి ఎక్కువగా లేచేది బరువు తగ్గడం మొదలైన నెలల్లో. కాబట్టి మళ్ళీ రమ్మనే తారీఖు ఆరునెలలకు కాదు, మూడు వారాలకు వేయండి.